ఈకలు లేని గది

ఎడ్విన్‌ను చంపినవాళ్లు అతని ఫోన్ తీసుకున్నారు, పర్సు తీసుకున్నారు, చేతి వాచీ కూడా విప్పుకుపోయారు. కుడి చేతిలో ఉన్న ఉడకబెట్టిన గుడ్డును మాత్రం వదిలేశారు.

పట్టపగలు, సున్నిపెంటలో, డ్యామ్ స్టాఫ్ క్వార్టర్స్ వెనక సందులో జరిగింది ఆ పని. సైలెన్సర్ ఉన్న పిస్టల్, నంబర్ ప్లేట్ లేని మోటార్ సైకిల్. పక్క వీధిలో టిఫిన్ బండి దగ్గర నిలబడ్డవాళ్లకు చిన్న చప్పుడు కూడా వినపడలేదు. ప్రాణం పోతున్నా ఎడ్విన్ పిడికిలి విప్పలేదు. చంపినవాళ్లకు ఆ గుడ్డు పేదవాడి పలహారంలా కనిపించింది కాబోలు, దాని జోలికి పోలేదు.

ఆ గుడ్డు ఇప్పుడు ఒక స్టీలు టిఫిన్ డబ్బాలో నంద్యాల చేరింది. బస్టాండ్ ఎదురుగా చెట్టు నీడన ఆగిన టాక్సీ వెనక సీటులో, అహోబిలం యాత్రికురాలి వేషంలో కూర్చుని ఉంది చూడామణి. నిజం చెప్పాలంటే అది వేషం కూడా కాదు. ఆమె పుట్టిల్లు అహోబిలంలోనే, అర్చకుల కుటుంబం. విదేశీ గూఢచారులను వెతికిపట్టే రహస్య విభాగంలో దక్షిణాది మొత్తానికి ఆమే చీఫ్.

పక్క సీటులో ఏజెంట్ ఎజ్రా. సొంత ఊరు ఆళ్లగడ్డ. ట్రైనింగ్ రోజుల నుంచి ఎడ్విన్‌తో ఒకే కంచంలో తిన్నవాడు.

"ఒలుచు," అంది చూడామణి.

"మీరు చూడలేదా మేడమ్?"

"ఎజ్రా, నేను మూడు దేశాల్లో తుపాకీ గుండ్ల మధ్య పరుగెత్తినాను. కానీ ఈ జన్మలో గుడ్డు ముట్టలేదు. ఆఫీసులో ఇంకొకరి చేతికి ఇయ్యడానికి నమ్మకం చాల్లేదు. నువ్వే ఒలుచు."

ఎజ్రా గుడ్డు చేతిలోకి తీసుకున్నాడు. పెంకు మీద ఏమీ లేదు. ఎడ్విన్‌ది పాత కిటుకు. పటికను వెనిగర్‌లో కరిగించి, ఆ నీళ్లతో పెంకు మీద రాసి ఉడకబెడతాడు. రాత పెంకు మీద మాయమై లోపలి తెల్లసొన మీద తేలుతుంది. ట్రైనింగ్‌లో అందరూ నవ్వారు, ఈ కాలంలో ఇదేం గ్యాడ్జెట్ అని. ఈరోజు దాన్ని హ్యాక్ చేయగలిగినవాడు ఎవడూ లేకపోయాడు.

పెంకు ఊడింది. తెల్లసొన మీద చీమల బారులా సన్నటి అక్షరాలు.

"ఆళ్లగడ్డ షెడ్డు. తొలి సూదికి ముందు సీసా మారుతుంది. గద్ద లోపలికి వచ్చింది."

ఎజ్రా రెండుసార్లు చదివాడు. చావు ఎదురుగా ఉన్నప్పుడు కూడా అక్షరం వంకర పోకుండా రాశాడు, మహానుభావుడు.

"చెప్పండి మేడమ్. ఏ సీసా?"

చూడామణి బ్రీఫింగ్ మొదలుపెట్టింది. గద్ద అంటే ఒక విదేశీ ముఠాకు తమ విభాగం పెట్టుకున్న పేరు. పేద దేశాల్లో ఎక్కడైనా ఒక మంచి మందు పుడితే చాలు, వాలిపోతుంది. అసలు నమూనాను ఎత్తుకుపోతుంది, కనిపెట్టినవాళ్ల పరీక్ష ఫెయిలయ్యేట్టు చేస్తుంది, ఆ తర్వాత అదే మందును పేటెంట్ వేసుకుని మళ్లీ మనకే అమ్ముతుంది. ముసుగుగా ఒక మందుల కంపెనీ ఉంది.

"ఇప్పుడు డాక్టర్ సుబ్బలక్ష్మి మీద వాలింది. నంద్యాల ల్యాబులో కోడిపిల్లల కోసం ఒక ప్రోటీన్ తయారు చేసింది ఆమె. పోయిన నెల ఆ ల్యాబులో ఫ్రీజర్ కాలిపోయింది. షార్ట్ సర్క్యూట్ అని రాసుకున్నారు. మిగిలింది ఒకే ఒక్క సీసా. అది ఆమె దగ్గర ఆళ్లగడ్డ షెడ్డులో ఉంది. రేపు పొద్దున ఒకరోజు పిల్లల మీద ఆఖరి పరీక్ష. అది పాసయితే ఊరూరా కోళ్లు పెంచుకునే ఆడవాళ్లకు ఆ మందు ఉచితంగా పోతుంది. ఫెయిలయితే ప్రాజెక్టుకు తాళం పడుతుంది."

"సీసా దగ్గరికి వచ్చేది ఎవరు?"

"ముగ్గురు. ఒకటి, సుబ్బలక్ష్మి. రెండు, జీవన్ కుమార్. ఢిల్లీ నుంచి వస్తున్న పరిశీలకుడు, కోళ్ల జబ్బుల్లో పెద్ద పేరు, సంతకం పెట్టేది ఆయనే. మూడు, అనఘ. ఆ ముసుగు కంపెనీ ప్రతినిధి. పరీక్ష చూసే హక్కు కోర్టు నుంచి తెచ్చుకుంది."

"ఇంకేం, అనఘే గద్ద."

"తొందరపడొద్దు. గద్ద ముఠా లోపల ఎడ్విన్‌కు ఒక మనిషి ఉండె. పేరు నాకు కూడా చెప్పలేదు. కోడ్ ఒకటే చెప్పినాడు. పాత సోనా బియ్యం ఉండాయా అని అడగాల. ఉండాయి, కడగకుండా వండుకో అని జవాబు రావాల. ఆ మనిషి దొరికితే మన పని తేలికవుతుంది."

ఎజ్రా ఆ గుడ్డును రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. తినబుద్ధి కాలేదు, పారేయబుద్ధి అసలే కాలేదు.

*

ఆ మధ్యాహ్నం ఆళ్లగడ్డ శిల్పుల వీధి మీదుగా ఒక మినీ లారీ పోయింది. ఉలుల చప్పుడు, రాతిపొడి దాటుకుని అహోబిలం రోడ్డెక్కింది. దాని నిండా నంద్యాల రైస్ మిల్లు వరిపొట్టు బస్తాలు. బస్తాల మీద ఎజ్రా. గళ్ల లుంగీ, తలకు తువ్వాలు, పొట్టు దూరకుండా రెండు చెవుల్లో దూది. ఎడమ చెవి దూదిలో వైర్‌లెస్ ఇయర్‌పీస్ ఉంది. ఒక బస్తా అడుగున పిస్టల్ ఉంది.

సుబ్బలక్ష్మి షెడ్లు రెండు. గేటుకు దగ్గరగా ఉన్నది పెద్ద కోళ్ల షెడ్డు, గోధుమరంగు ముసలి పెట్టలు ఉంటాయి. దూరంగా, చుట్టూ సున్నపు గీత గీసి ఉన్నది పిల్లల గది. ఎజ్రా వాచ్‌మన్ శేషయ్యకు దండం పెట్టి, దగ్గరగా ఉన్న షెడ్డులో రెండు బస్తాలు పడేసి, మూడో బస్తా భుజానికెత్తుకుని పిల్లల గది వైపు నడిచాడు.

సున్నపు గీత దగ్గర ఒక నడివయసు ఆడమనిషి అడ్డం వచ్చింది. జుట్టు ముడి, రబ్బరు బూట్లు, చేతిలో చీపురు.

"ఆగప్పా! యాడికి పోతాండావ్?"

"పిల్లల రూములో పొట్టు పరుద్దామని మేడమ్."

"యాన్నుంచి వస్తాండావ్?"

"పెద్ద కోళ్ల కాడ్నుంచి."

ఆమె చీపురు ఎత్తింది. నిజంగానే కొట్టేదేమో, ఎజ్రా రెండడుగులు వెనక్కి వేశాడు.

"శేషయ్యా! బోరు ఆన్ చెయ్. ఈయప్పకు తలకు పోసి, గుడ్డలు మార్పించి పంపు. ముసలి కోళ్ల కాడికి పోయి, ఆ కాళ్లతోనే చంటిపిల్లల మింద పడతాడంట! బుద్ధుండాదా?"

దేశ భద్రత కోసం వచ్చిన ఏజెంట్ బోరు కింద నిలబడి, సబ్బుతో వీపు రుద్దుకుని, శేషయ్య పాత నిక్కరు తొడుక్కుని తిరిగి వచ్చాడు. అప్పుడు చూపించాడు తన గుర్తింపు కార్డు. సుబ్బలక్ష్మి దాన్ని చూసి ఏమాత్రం సిగ్గుపడలేదు.

"నువ్వు ఎవరైతే నాకేం? కోళ్ల పని చేసేటోళ్లు ఎవరైనా సరే, పొద్దున లేచి మొదట పోయేది పసిపిల్లల కాడికే. ఆ తర్వాత ఎదిగినవి, ఆఖరున ముసలివి. ఈ వరస తిరగబడిందా, పెద్దవాటి పురుగు పిల్లలకు అంటుతాది. నేను ఈ పనిలోకి వచ్చిన మొదటి పొద్దు మా మేస్త్రి నన్నూ ఇట్లనే తడిపినాడు. ఈ వరస తెలీనోడు కోళ్లోడే కాదు."

"తప్పయిపోయింది మేడమ్. ఇంతకీ ఆ సీసాలో ఏముంది? నాకు అర్థమయ్యేట్టు చెప్పండి."

ఆమె ముఖంలో కోపం పోయి, ఇష్టమైన పిల్లల గురించి అడిగితే తల్లికి వచ్చే వెలుగు వచ్చింది.

"చూడప్పా. ఒకరోజు పిల్ల రక్తంలో తెల్లకణాలు ఉంటాయి. హెటరోఫిల్స్ అంటాం. మనిషి ఒంట్లో న్యూట్రోఫిల్ చేసే పని కోడి ఒంట్లో ఇవి చేస్తాయి. పురుగు కనపడితే పోయి మింగి చంపాల. గానీ పుట్టిన మొదటి వారం వాటికి పని తెలీదు. ఉంటాయి, నిద్రపోతాంటాయి. ఆ సందులోనే సాల్మొనెల్లా అనే పురుగు దూరి పిల్లలను మూటగట్టుకుని పోతాది."

"వాటిని లేపాలంటే?"

"జబ్బును తట్టుకున్న పెద్ద కోళ్లు ఉండాయి కదా, వాటి ఒంట్లో టీ-కణాలనేవి సిగ్నల్ ప్రోటీన్లను వదుల్తాయి. సైటోకైన్లు అంటాం. 'దొంగ వచ్చినాడు, లేయండి' అని కేకేసినట్టు అనుకో. ఆ కేకను నేను ఒక సీసాలో పట్టినా. పిల్ల పుట్టిన పొద్దే ఆ రసం రవ్వంత పొట్టలోకి ఎక్కిస్తే, నిద్రపోయే హెటరోఫిల్స్ లేస్తాయి, బిరీన పరుగెత్తుతాయి, పురుగును మింగుతాయి. నేను మైక్రోస్కోపులో చూసినా. మొదటిసారి చూసిన పొద్దు ఏడ్చినా."

"గద్ద ఆ సీసాను మార్చి దాని బదులు ఇంకోటి పెడుతుంది."

"ఏం పెడ్తాది? ఆ కణాలను ఇంకా జో కొట్టే మందు పెడ్తాది. సాయంత్రానికి పురుగు ఎక్కించినాక పిల్లలన్నీ చస్తాయి. సుబ్బలక్ష్మి మందే చంపిందని రాస్తారు." ఆమె చీపురు నేలకు తాటించింది. "వాళ్లు నన్ను కొందామని చూసిరి. బెదిరించిరి. ఫ్రీజర్ తగలబెట్టిరి. ఇంగ ఏం చేస్తారో చేసుకోమను. రేపు పొద్దున సూది పడాల్సిందే."

ఎజ్రాకు ఆమె మీద గౌరవం కలిగింది. సీసాను తన దగ్గర ఉంచమని అడిగితే ససేమిరా అంది. దాన్ని తాను తప్ప ఇంకొకరు మోసే ప్రసక్తే లేదట. సరే, గేటు దగ్గర వచ్చినవాళ్లందరి బ్యాగులు, జేబులు శేషయ్య వెతికేట్టు మాత్రం ఒప్పించాడు.

"పొట్టు పరిచేటట్టయితే సక్కగా పరువు," అంది ఆమె పోతూ పోతూ. "నాలుగు వేళ్ల మందం ఉండాల. పైపైన చల్లి పోతానంటే కుదరదు."

ఆ సాయంత్రమంతా ఎజ్రా పొట్టు పరిచాడు. ఆమె వచ్చి వేళ్లు గుచ్చి చూసి, చాల్లేదని రెండుసార్లు మళ్లీ పరిపించింది.

*

తెల్లవారింది. హ్యాచరీ నుంచి పిల్లలు వచ్చాయి. వెచ్చటి బ్రూడర్ లైట్ల కింద రెండు దడుల లోపల పసుపుపచ్చటి ఉన్ని ముద్దలు కిచకిచలాడుతున్నాయి. ఎడమ దడిలోవాటికి ఉత్త ఉప్పునీళ్లు, కుడి దడిలోవాటికి సీసాలోని రసం.

మొదట వచ్చిన కారు అనఘది. దిగింది చూడాలి! నెమలికంఠం రంగు పట్టుచీర, నల్లద్దాలు, ఎత్తుమడమల చెప్పులు, గేటు దాకా తోసుకొచ్చిన సెంటు. ఆమె దగ్గర శేషయ్యకు ఫోన్, లిప్‌స్టిక్, కారు తాళం తప్ప ఏమీ దొరకలేదు.

ఎజ్రా బస్తా మోస్తూ ఆమె పక్కగా పోయాడు. "పాత సోనా బియ్యం ఉండాయా మేడమ్?"

నల్లద్దాలు అతని వైపు తిరిగాయి. ఒక్క క్షణం. ఆమె వెనకాలే ఇంకో కారు గేటులోకి వస్తోంది.

"నేను బియ్యం తినను. డైట్‌లో ఉన్నాను," అని విసురుగా వెళ్లిపోయింది.

అయితే ఈమే గద్ద అనుకున్నాడు ఎజ్రా. ఆమె మాత్రం తిన్నగా పిల్లల గది వైపే నడిచింది. సున్నపు గీత దగ్గర చెప్పులు విప్పి, సబ్బుతో చేతులు కడిగి, చీర మీద తెల్ల కోటు, కాళ్లకు బూట్లు తొడుక్కుని, గడప ముందున్న మందునీళ్ల తొట్టిలో బూట్లు ముంచి లోపలికి పోయింది. ఎవరూ చెప్పకుండానే చేసింది. ఎజ్రాకు అది కొంచెం విడ్డూరంగా తోచింది గానీ, ఆ సంగతి ఆలోచించే తీరిక లేదు.

రెండో కారులో వచ్చినవాడు జీవన్ కుమార్. బంగారు ఫ్రేము కళ్లద్దాలు, నెరిసిన మీసం, నెమ్మదైన నవ్వు. అతని జేబుల్లోనూ ఏమీ లేదు. కారును పెద్ద కోళ్ల షెడ్డు నీడలో ఆపించి, ఫోన్ మాట్లాడుకుని వస్తానన్నాడు. సుబ్బలక్ష్మి, అనఘ లోపల ఎదురుచూశారు. పిల్లలు నీళ్ల గిన్నెల్లో ముక్కులు ముంచి తలలెత్తాయి. చివరికి వచ్చాడు. తెల్ల కోటు, బూట్లు, తొట్టిలో ముంచడం, అన్నీ పద్ధతిగానే చేశాడు.

"సారీ డాక్టర్. ఢిల్లీ కాల్. ప్రోటోకాల్ ప్రకారం సీసా లేబుల్ చూడాలి."

సుబ్బలక్ష్మి ఐస్ బాక్స్ తెరిచి సీసా అందించింది. లేత పసుపు రసం. జీవన్ కుమార్ వెలుతురుకు ఎత్తి చూశాడు, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నేను కూడా చూస్తాను," అని అనఘ చెయ్యి చాచింది. అతని చేతి నుంచి తీసుకుని తిప్పి చూసి, ఐస్ బాక్స్‌లో పెట్టింది.

ఎజ్రా మూలన పొట్టు సర్దుతూ ఇద్దరి చేతులనూ కళ్లార్పకుండా చూశాడు. సీసా మారి ఉంటే ఇప్పుడే మారి ఉండాలి. కానీ ఎవరి చేతిలో?

"ఈ మనిషి ఎవరు?" జీవన్ కుమార్ వేలు ఎజ్రా వైపు తిరిగింది. "పరీక్ష గదిలో కూలీ ఎందుకు? నేను ఇందాకే ఢిల్లీకి రిపోర్ట్ చేశాను."

అదే క్షణంలో ఎజ్రా ఎడమ చెవిలో చూడామణి గొంతు పలికింది. "ఎజ్రా, బయటికి వచ్చెయ్. పై నుంచి ఫోన్ వచ్చింది. నువ్వు అక్కడ ఉంటే పరీక్ష చెల్లదంట. మిషన్ రద్దు. ఇది ఆర్డర్."

ఎజ్రా ముక్కు తుడుచుకుంటున్నట్టు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఎడ్విన్ విప్పని పిడికిలి కళ్లముందు మెదిలింది.

"వినపడటంలేదు మేడమ్. చెవుల్లో దూది."

"ఎజ్రా!"

దూది పీకి మందునీళ్ల తొట్టిలో పడేశాడు. ఇయర్‌పీస్ రెండు బుడగలు వదిలి మునిగిపోయింది. ఉద్యోగం కూడా దాంతోపాటే మునిగిందని తెలుసు. మునగనీ అనుకున్నాడు.

సుబ్బలక్ష్మి అతని మొండి ముఖం చూసి పెదవి కొరుక్కుంది. "ఆయప్ప నా మనిషి. ఉంటాడు," అని తెగేసి చెప్పి, సిరంజిలోకి మందు లాగింది. కుడి దడిలోంచి ఒక పిల్లను ఎడమ చేతిలోకి తీసుకుంది. పిల్ల ఆమె వేళ్ల మధ్య నుంచి తల బయటపెట్టి చుట్టూ చూసింది. సూది మొన పిల్ల పొట్ట దగ్గరికి వచ్చింది.

ఎజ్రా పిచ్చిగా వెతుకుతున్నాడు. అనఘ చేతులు, జీవన్ కుమార్ చేతులు. అనఘ కోటు, జీవన్ కుమార్ కోటు.

జీవన్ కుమార్ మోకాలి వెనక, తెల్ల కోటు అంచు కింద, ప్యాంటుకు ఏదో అంటుకుని ఊగుతోంది.

గోధుమరంగు ఈక.

ఎజ్రా గదంతా ఒకసారి కలయజూశాడు. ఉన్ని. అంతా పసుపుపచ్చటి ఉన్ని. ఈ గదిలో ఈక మొలిచిన ప్రాణి ఒక్కటీ లేదు.

"ఆపండి మేడమ్!"

సూది ఆగింది.

"మేడమ్, ఈ సారు పెద్ద కోళ్ల షెడ్డులోకి పోయి, ఆడ్నుంచి నేరుగా పిల్లల కాడికి వచ్చినాడు. ప్యాంటు వెనకాల చూడండి."

సుబ్బలక్ష్మి చూసింది. ఒక్క చూపు చాలింది ఆమెకు. పిల్లను మెల్లగా దడిలో దించింది, సిరంజిని గోడకేసి కొట్టింది.

"ఎవడ్రా నువ్వు? ముప్పై ఏండ్లు కోళ్లతో ఉండానని చెప్పుకుంటివే! కోళ్లోడు ప్రాణం పోయినా ఆ పని చేయడు. నువ్వు డాక్టరువి కాదు. ఆ షెడ్డులో ఏం దాచినావ్?"

జీవన్ కుమార్ అనే పేరు తగిలించుకున్న మనిషి నవ్వు ముఖం మీంచి జారిపోయింది. ఏం దాచాడో అందరికీ ఒకేసారి అర్థమైంది. గేటు దగ్గర వెతుకుతారని తెలిసి, నకిలీ సీసాను ముందే ఎవరిచేతనో గుడ్ల ట్రేల మధ్య పెట్టించుకున్నాడు. ఫోన్ వంకతో పోయి తెచ్చుకున్నాడు. ఎంత చదివినా, ఎంత రిహార్సల్ చేసినా, ఏ షెడ్డుకు ముందు పోవాలో ఎవరూ చెప్పలేదు అతనికి.

అతను ఒక్క గెంతులో గడప దాటాడు. బయట సిమెంటు గచ్చు మీద నిలబడి, చొక్కా చేతిలోంచి అసలు సీసా తీసి తల మీదికి ఎత్తాడు.

ఎజ్రా చెయ్యి బస్తా అడుగుకు పోయింది.

"తుపాకీ ముట్టుకుంటే దీన్ని గచ్చుకేసి కొడతాను. ప్రపంచంలో ఇదొక్కటే ఉంది, గుర్తుందా? అనఘా, కారు తియ్."

అనఘ నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకుంది. తాళం చేతిలోకి తీసుకుని నెమ్మదిగా గడప దాటి అతని వైపు నడిచింది. ఎజ్రా పళ్లు కొరికాడు. ఇద్దరూ ఒకటే అన్నమాట.

"కొట్టు," అంది సుబ్బలక్ష్మి.

అతనికి అర్థం కాలేదు. "ఏమిటి?"

"పగలగొట్టప్పా, చూస్తా. ఆ రసం యాన్నుంచి వచ్చిందనుకున్నావ్? ఫ్రీజర్ నుంచా? నువ్వు ఇప్పుడే తొక్కుకుంటా వచ్చిన ముసలి కోళ్ల నుంచి. జబ్బును గెలిచిన కోళ్లవి. వాటి ఒంట్లో ఆ కేక ఇంకా ఉండాది. ఫ్రీజర్ కాలిస్తిరి, కాలింది. ఈ సీసా పగిలితే నా ఏడాది మళ్లా పోతాది, పోనీ. ఈ పరీక్ష పోతాది, పోనీ. మళ్లా పడతా, మళ్లా సీసాలో పోస్తా. నా పిల్లలను అడ్డం పెట్టి నువ్వు నన్ను బెదిరించేదేందిరా? కొట్టు!"

ఎత్తిన చెయ్యి గాల్లో ఆగిపోయింది. భయపడుతుందనుకున్న మనిషి భయపడకపోతే ఏం చేయాలో ఏ ట్రైనింగ్‌లోనూ నేర్పరు. అతను పెద్ద కోళ్ల షెడ్డు వైపు ఒకసారి తల తిప్పాడు, తాను దాటొచ్చిందేమిటో అప్పుడు తెలిసినట్టు.

ఆ తల తిప్పిన క్షణమే చాలింది. అనఘ అతని మోచేతిని కింది నుంచి పైకి గుద్ది, భుజంతో గది లోపలికి నెట్టింది. పట్టు జారింది. సీసా గడప మీదుగా గిరగిరా తిరుగుతూ లోపలికి ఎగిరింది.

సుబ్బలక్ష్మి కెవ్వుమంది. ఎజ్రా దూకాడు. అందలేదు.

సీసా పొట్టులో పడింది. నాలుగు వేళ్ల మందాన, రెండుసార్లు తిట్లు తిని మళ్లీ పరిచిన వరిపొట్టులో మెత్తగా కూరుకుపోయింది. దడిలోంచి ఒక పిల్ల మెడ చాచి, అది తినేదేమోనని ముక్కుతో పొడిచి చూసింది.

ఎజ్రా ఆ మనిషిని బోర్లా పడేసి, తలకు చుట్టుకున్న తువ్వాలుతో చేతులు కట్టేశాడు. "సున్నిపెంట గుర్తుందా?" అని అడిగాడు. ఎజ్రా ముడి ఇంకొంచెం గట్టిగా బిగించాడు.

తలెత్తేసరికి అనఘ ఎదురుగా నిలబడి ఉంది. పట్టుచీర కుచ్చిళ్ల నిండా పొట్టు.

"ఉండాయి," అంది మెల్లగా. "కడగకుండా వండుకో."

ఎజ్రా ముడి వదిలి లేచి నిలబడ్డాడు.

"గేటు కాడ నువ్వు అడిగినప్పుడు వీడు నా వెనకాలే వస్తాండె. యట్ల చెప్పేది? సీసా మారిందేమోనని చేతిలోకి తీసుకుని చూసినా. లేబుల్ అచ్చంగా అట్లనే ఉండె. తేల్చుకోలేకపోయినా." ఆమె కళ్లు నిండాయి. "వాడే ముఠా నాయకుడని నాకూ తెలీదు. నాకు ఆర్డర్లు ఫోన్లోనే వచ్చేవి. ఇందాక దాకా గొంతు మార్చి మాట్లాడినాడు, కారు తియ్ అన్నప్పుడు గుర్తుపట్టినా ఆ గొంతు. మా అమ్మ కోళ్లు పెంచి నన్ను చదివించింది. వాళ్లు నాచేత ఏం చేయిస్తాండారో తెలిసిన పొద్దే ఎడ్విన్‌కు కబురు పెట్టినా."

ఎజ్రా జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. గుడ్డు సగం చిదికిపోయింది గానీ రాత కనిపిస్తోంది. అనఘ వంగి చదివింది, చివరి అక్షరం దాకా.

"నా పేరు రాయలేదు," అంది.

"చచ్చేదాకా వాడు ఎవరికీ చెప్పలేదమ్మా," అన్నాడు ఎజ్రా. ఆమె ముఖం తిప్పుకుని చీర కొంగుతో కళ్లొత్తుకుంది.

సుబ్బలక్ష్మి ఈ మాటలేవీ వినడం లేదు. సీసాను తుడిచి, మూత చూసి, లోపలి రసాన్ని వెలుతురులో చూసి, కొత్త సిరంజి విప్పింది. "ఏడుపులు తర్వాత. ముందు మీరంతా తానం చేసి రాండి," అని కేకేసింది. "ఆ సచ్చినోణ్ని కూడా తడపండి. ఈక కాళ్లతో వచ్చినాడు."

శేషయ్య బోరు ఆన్ చేశాడు. విదేశీ ముఠా నాయకుడికి, దేశపు ఏజెంట్‌కు, డబుల్ ఏజెంట్‌కు వరసగా బకెట్లు పడ్డాయి. ఆ తర్వాత పిల్లల గదిలో మొదటి సూది పడింది.

*

వారం తిరిగింది. అసలు జీవన్ కుమార్ బెంగళూరు ఆసుపత్రిలో దొరికాడు. ఢిల్లీ నుంచి వస్తూ అక్కడ విమానం మారే ముందు ఎవరో ఇప్పించిన ఎగ్ పఫ్ తిని వాంతులతో పడిపోయాడట. కోలుకున్నాక ఆళ్లగడ్డ వచ్చి, నేరుగా పిల్లల గదికే పోయాడు. కుడి దడిలో పిల్లలు గంతులేస్తున్నాయి. మైక్రోస్కోపులో హెటరోఫిల్స్ సాల్మొనెల్లాను కడుపునిండా మింగి కూర్చున్నాయి. చూసి, అక్కడికక్కడే సంతకం పెట్టాడు.

ఎజ్రా తన మీద చర్య ఏమిటో తెలుసుకోకుండానే చూడామణికి సెలవు చీటీ పంపాడు. సున్నిపెంట పోయి ఎడ్విన్ సమాధి దగ్గర కూర్చోవాలని ఉందని రాశాడు.

జవాబుగా స్టీలు టిఫిన్ డబ్బా వచ్చింది. లోపల ఒక ఉడకబెట్టిన గుడ్డు. ఎక్కువ ఉడికి పెంకు రెండు చోట్ల పగిలింది. జన్మలో గుడ్డు ముట్టని చేతులు ఉడికించాయని చూడగానే తెలిసిపోతోంది. ఎజ్రా చాలాసేపు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు, తర్వాత జాగ్రత్తగా ఒలిచాడు.

తెల్లసొన మీద వంకరటింకర అక్షరాల్లో ఇలా ఉంది: "సున్నిపెంటకు నేనూ వస్తున్నాను. ఆ తర్వాత సెలవు లేదు. చెవుల్లో దూది తీసి రా."